పిడి లేని రబ్బరు స్టాంపు: కత్తెర పెట్టే ముందు

కార్డులు, స్క్రాప్‌బుక్కులు చేసుకునే పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అన్‌మౌంటెడ్ రబ్బరు స్టాంపుల గురించే. అంటే చెక్క పిడి గానీ, వెనక మెత్తటి ఫోమ్ గానీ లేకుండా ఉత్త రబ్బరుగా అమ్మేవి. పిడి ఖర్చు ఉండదు, పెట్టుకోవడానికి చోటు పెద్దగా అక్కర్లేదు, ఒక్క యాక్రిలిక్ బ్లాకుతో, అంటే పిడికి బదులు స్టాంపును అంటించి పట్టుకునే పారదర్శకమైన ప్లాస్టిక్ దిమ్మెతో, ఎన్ని బొమ్మలైనా మార్చి మార్చి వేసుకోవచ్చు. కాకపోతే ఫ్యాక్టరీలో జరగాల్సిన ఆఖరి పని మన చేతికి వస్తుంది. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి ఊరి పేరుతో ఇస్తున్నాం.

ప్రశ్న (నెల్లూరు): పువ్వులు, ఆకులు, నాలుగైదు ఇంగ్లిషు వాక్యాలు ఉన్న ఎర్ర రబ్బరు షీటు తెప్పించుకున్నాను. అన్నీ కలిసి ఒకే పలకగా వచ్చాయి. వెనక జిగురు కూడా లేదు. ఏం కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కొనాల్సింది పెద్దగా లేదు. క్లింగ్ ఫోమ్ షీటు ఒకటి, చిన్నదీ పెద్దదీ రెండు యాక్రిలిక్ బ్లాకులు, మొన దాకా పదునున్న చిన్న కత్తెర. క్లింగ్ ఫోమ్‌కు రెండు ముఖాలు ఉంటాయి. ఒకవైపు గట్టి జిగురు, అది రబ్బరు కోసం. రెండోవైపు జిగురు లేని నున్నటి పొర, అది యాక్రిలిక్‌కు తనంతట తాను పట్టుకుంటుంది, తీస్తే వచ్చేస్తుంది. జిగురు వైపు కాగితం, నున్నటి వైపు ప్లాస్టిక్ పొర కప్పి అమ్ముతారు. చాలామంది తొందరలో తలకిందులుగా అంటించేది ఇక్కడే. మందం సుమారు 3 మి.మీ. ఉండేది మామూలు రకం. దాంట్లో సగం మందం ఉండేది కూడా దొరుకుతుంది.

ముందు షీటును బొమ్మల మధ్యగా, ఎక్కడా బొమ్మకు తగలకుండా, విడివిడి ముక్కలుగా కోయండి. ఇది ఉజ్జాయింపు కోతే, అంచుల గురించి ఇప్పుడే ఆలోచించొద్దు. తర్వాత ఆ ముక్కల్ని కడగాలి. షీటు విప్పగానే వచ్చే ఘాటు వాసన గంధకంతో ఉడికించిన రబ్బరుది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. బొమ్మ చెక్కిన లోహపు పలక నుంచి బేకలైట్ అచ్చు తీసి, దాని మీద పచ్చి రబ్బరు పెట్టి, దాదాపు 150 డిగ్రీల వేడిలో ప్రెస్‌లో నొక్కుతారు. అచ్చు నుంచి రబ్బరు అంటుకోకుండా ఊడి రావడానికి వాడిన పొడో, మైనం లాంటి పూతో దాని మీద మిగిలిపోతుంది. కొత్త స్టాంపు మీద ఇంకు చుక్కలు చుక్కలుగా విడిపోతోందంటే కారణం ఇదే. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, పాత టూత్‌బ్రష్‌తో గీతల సందుల్లోంచి రుద్దండి. కడిగి, గుడ్డతో అద్ది, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. వెనక వైపు కూడా కడగాలి. అక్కడ పొడి మిగిలితే ఫోమ్ నెల తిరక్కుండానే ఊడిపోతుంది.

ఇక అసలు పని కత్తిరింపు. రబ్బరును ఫోమ్ మీద అంటించాక రెండూ కలిపి కోయాలా, రబ్బరు ముందు కోసుకుని తర్వాత అంటించాలా అన్నదాంట్లో రెండు పక్షాలున్నాయి. కలిపి కోస్తే పని త్వరగా అవుతుంది. కానీ రబ్బరు, ఫోమ్ కలిస్తే 5 మి.మీ. దాటుతుంది. అంత మందంలో చిన్న కత్తెర పక్కకు జారి లోపలికి కోసేస్తుంది, బ్లేడుకు జిగురూ పట్టేస్తుంది. కొత్తవాళ్లకు మేం చెప్పేది రబ్బరే ముందని.

బొమ్మ పైకి కనిపించేలా రబ్బరును ఎడమచేత్తో పట్టుకోండి. గీత చుట్టూ ఒకటిన్నర నుంచి 2 మి.మీ. అంచు వదలండి. కత్తెర కదలకూడదు, రబ్బరు తిరగాలి. మొనతో చిటుకు చిటుకుమని కొరక్కుండా, బ్లేడు మొదట్లో పెట్టి ఒక్కో కోత పొడుగ్గా లాగండి. మొనతో కొరికిన చోటల్లా అంచు మెట్లు మెట్లుగా వస్తుంది, ఆ మెట్లకు ఇంకు పట్టి కార్డు మీద నల్లచుక్కలు పడతాయి. అన్నిటికన్నా ముఖ్యం కత్తెర వాలు. పైన బొమ్మ ఉన్న ముఖం కన్నా కింది ముఖం ఒక వెంట్రుక వాసి వెడల్పుగా ఉండేలా, కత్తెరను కొద్దిగా బయటికి వాల్చి కోయాలి. వాలు తిరగబడి అడుగు సన్నబడిందంటే, ఆ అంచు కింద ఆధారం ఉండదు. నొక్కినప్పుడు గీత కిందికి వంగిపోతుంది, ముద్రలో ఆ పక్కంతా పలచగా పడుతుంది. ఇలా లోపలికి కోసిన స్టాంపును మళ్లీ బాగుచేయలేం.

రేకుల మధ్య, ఆకుల మధ్య ఖాళీలు కూడా తీసెయ్యాలా అని అడిగేవాళ్లున్నారు. 6 మి.మీ. కన్నా వెడల్పైన ఖాళీ అయితే పేపర్ కట్టర్ మొనతో తీసెయ్యండి, లేకపోతే మధ్యలోని రబ్బరుకు ఇంకు తగిలి మరక పడుతుంది. అంతకన్నా సన్నని సందులు వదిలేయండి. వాక్యాలను అక్షరాల చుట్టూ తిరిగి కోయొద్దు. పొడుగాటి పట్టీలాగే ఉంచండి. సన్నని కాడ లాంటి బొమ్మకు 3 మి.మీ. అంచు వదలాలి. పీట ఇరుకైతే నొక్కేటప్పుడు ముక్క పక్కకు ఒరుగుతుంది.

కోసిన ముక్కల్ని ఫోమ్ జిగురు వైపు, దగ్గర దగ్గరగా పేర్చండి. ఫోమ్ దుబారా కాదు. ఒక్కసారిగా పడేయకుండా, ఒక అంచు ఆనించి మెల్లగా రెండో అంచు దాకా వాల్చాలి. మధ్యలో గాలి ఇరుక్కుంటే ఆ చోటు బుడిపెలా లేచి ముద్రలో చిక్కగా పడుతుంది, దాని చుట్టూ పలచబడుతుంది. గాజు సీసా గానీ, అప్పడాల కర్ర గానీ మీదుగా ఒకసారి దొర్లించి, బరువైన పుస్తకం కింద ఒక గంట ఉంచండి. తర్వాత ఫోమ్‌ను రబ్బరు అంచు వెంట, అదే బయటి వాలుతో కోయండి. బయటికి ఫోమ్ ఎక్కువగా మిగిలితే దాని జిగురు అంచుకు దారపు పోగులు, పిల్లి వెంట్రుకలు అన్నీ అంటుకుంటాయి. బ్లేడుకు పట్టిన జిగురును నెయిల్ పాలిష్ రిమూవర్ తడిపిన దూదితో తుడిచి, ఆరాక మళ్లీ వాడండి. రిమూవర్ బ్లేడుకే, స్టాంపుకు కాదు. వంటింటి కత్తెర వాడొద్దు, దాని పళ్లు రబ్బరు అంచు మీద గాట్లు పెడతాయి.

ప్రశ్న (వరంగల్): క్లింగ్ ఫోమ్ ఖరీదు ఎక్కువ, పైగా ఆన్‌లైన్‌లో తప్ప దొరకడం లేదు. స్టేషనరీ షాపులో దొరికే రంగు ఫోమ్ షీటు, డబుల్ టేపుతో పని నడవదా?

జవాబు: నడుస్తుంది. 2 మి.మీ. మందం ఉండే క్రాఫ్ట్ ఫోమ్ తీసుకోండి, మెరుపులు అద్దినది వద్దు. రబ్బరుకు, ఫోమ్‌కు మధ్య టిష్యూ టేపు అనే పలచటి రెండు వైపుల జిగురు టేపు సరిపోతుంది. టేపు పట్టీలు పక్కపక్కనే, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, ఖాళీ లేకుండా రావాలి. ఎక్కిన చోట గట్టు, ఖాళీ వదిలిన చోట గుంట, రెండూ ముద్రలో కనిపిస్తాయి. ఫోమ్ టేపు, అంటే గోడకు హుక్కులు అంటించే మందపాటి టేపు వద్దు. అది ఒత్తిడికి ఒక్కో చోట ఒక్కోలా నలుగుతుంది.

బ్లాకుకు పట్టుకోవడానికి, ఫోమ్ వెనక పదేపదే అంటించి తీయగల రకం జిగురు పలచగా రాసి, తెల్లదనం పోయి పారదర్శకంగా అయ్యేదాకా, అంటే రాత్రంతా, ఆరనివ్వండి. తడిగా ఉండగా అంటిస్తే అది శాశ్వతంగా పట్టుకుంటుంది. ఈ ఇంటి పద్ధతి జిగురు దుమ్ము పట్టి కొన్నాళ్లకు నీరసిస్తుంది, తడిగుడ్డతో తుడిస్తే కొంత తేరుకుంటుంది. మళ్లీ రాసుకోవడమూ తేలికే.

ఫెవిక్విక్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. ఆరాక గాజులా గట్టిపడి, రబ్బరు వంగినప్పుడల్లా చిట్లుతుంది. చెప్పులకు వాడే రబ్బరు జిగురులోని సాల్వెంట్ పలచటి రబ్బరును ఉబ్బించి అంచులు ముడుచుకునేలా చేస్తుంది. తప్పనిసరై వాడితే రెండువైపులా పలచగా రాసి, చేతికి అంటకుండా ఆరాకే కలపండి.

బ్లాకు కూడా కొనక్కర్లేదు. నేమ్‌బోర్డులు చేసే షాపుల్లో 8 లేదా 10 మి.మీ. యాక్రిలిక్ తుంపులు మిగులుతుంటాయి. 5×5 సెం.మీ. ఒకటి, 8×12 సెం.మీ. ఒకటి కోయించుకోండి. 5 మి.మీ. కన్నా పలచనిది పెద్ద బొమ్మకు వంగుతుంది. అంచుల్ని 400, తర్వాత 800 నంబరు వాటర్ పేపరుతో తడిపి రుద్దితే చెయ్యి కోసుకోదు. పై ముఖాన్ని మాత్రం రుద్దకండి. గీతలు పడితే కింద బొమ్మ ఎక్కడుందో కనిపించదు, ఫోమూ పట్టదు.

ప్రశ్న (హైదరాబాద్): క్లింగ్ ఫోమే వాడాను. మొదట్లో బాగానే ఉంది, ఇప్పుడు స్టాంపు గాల్లోకి ఎత్తగానే బ్లాకు నుంచి ఊడి కార్డు మీద పడుతోంది.

జవాబు: ఫోమ్ చెడిపోలేదు, మాసిపోయింది. చేతి జిడ్డు, కాగితం నూగు పట్టింది. నున్నటి వైపును సబ్బు నీటి వేలితో రుద్ది, కడిగి, గుడ్డ తగలకుండా ఆరబెట్టండి. బ్లాకునూ అలాగే కడగండి. అందరూ ఫోమ్ ఒక్కటే కడుగుతారు, దోషం సగంసార్లు బ్లాకుదే. హ్యాండ్ క్రీము రాసుకున్న చేత్తో స్టాంపులు ముట్టుకోవద్దు. కొత్త బ్లాకు మీద కాపలా పొర తీయకుండానే వాడుతున్నవాళ్లూ ఉంటారు, ఒకసారి గోటితో గీకి చూసుకోండి.

ప్రశ్న (విశాఖపట్నం): ఒకే షీటులోని రెండు బొమ్మలు రెండు రకాలుగా ఏడిపిస్తున్నాయి. పెద్ద మందార పువ్వు నడుమ తెల్లగా, మచ్చలు మచ్చలుగా పడుతోంది. సన్నగీతల పిచ్చుక మాత్రం ఈకలన్నీ కలిసిపోయి నల్లముద్ద అవుతోంది. అంచుల్లో నీడలాంటి గీత కూడా వస్తోంది.

జవాబు: రెండు బొమ్మలకూ మీరు ఒకే విధంగా ఇంకు పెట్టి, ఒకే విధంగా నొక్కుతున్నారు. చిక్కు అక్కడే ఉంది.

మందారం లాంటి నిండు బొమ్మకు నేల ఎక్కువ. ఇంకూ ఎక్కువ కావాలి, ఒత్తిడీ ఎక్కువ కావాలి. కార్డు కింద ఒక మౌస్ ప్యాడో, 2 మి.మీ. ఫోమ్ షీటో పరవండి. స్టాంపును ప్యాడ్ మీద గుద్దకుండా, బ్లాకును బల్ల మీద వెల్లకిలా పెట్టి, ఇంకు ప్యాడునే దాని మీద తట్టుతూ మొత్తం తడి మెరుపు వచ్చేదాకా పూయండి. ఏటవాలుగా వెలుతురులో చూస్తే మెరవని చోటు తెలిసిపోతుంది. తర్వాత కార్డు మీద పెట్టి, అరచేత్తో కాకుండా వేళ్లతో, నడిమి నుంచి అంచులకు ఒక్కో చోట నొక్కుతూ రండి. బ్లాకు మాత్రం ఊగకూడదు.

ఇంకో పద్ధతి, పెద్ద బొమ్మలకు మాకు ఇదే నచ్చుతుంది: స్టాంపును వెల్లకిలా ఉంచి, దాని మీదే కార్డును దించి, పైన పలచటి కాగితం వేసి వేళ్లతో రుద్దడం. కార్డు కదిలితే చెడుతుంది కాబట్టి ఎడమచేతి రెండు వేళ్లు ఒక మూల మీద ఉండాలి. పని పూర్తయ్యేదాకా అవి అక్కణ్ణుంచి కదలకూడదు.

పిచ్చుకకు పూర్తిగా వేరే. గట్టి బల్ల, కింద ఏ మెత్తా వద్దు. పిగ్మెంట్ ఇంకు వద్దు, అది చిక్కగా ఉండి సందులు పూడ్చేస్తుంది. డై ఇంకు, అంటే కాగితంలోకి ఇంకిపోయే పలచటి ఇంకు, దాని ప్యాడుతో రెండుసార్లు తేలిగ్గా తట్టి, తూకం కోసమన్నట్టు కొద్దిగా నొక్కి, నిటారుగా పైకి తీయండి. కాగితమూ చూసుకోండి. హ్యాండ్‌మేడ్ కాగితం గరుకు మీద ఈకలు తెగిపోతాయి. 250 నుంచి 300 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు గ్రాములు) ఉండే నున్నటి కార్డు అయితే ప్రతి గీతా నిలుస్తుంది.

అంచు నీడకు మూడు కారణాలు: అంచు మరీ వెడల్పుగా వదలడం, ప్యాడులో లోతుగా ముంచడం, నొక్కేటప్పుడు ఊపడం. చివరి రెండూ మానాక కూడా నీడ అదే చోట పడుతుంటే, ఆ అంచును ఇంకో అర మిల్లీమీటరు కోసేయండి. ఒక్క కార్డు కోసమైతే, ఇంకు పూశాక ఆ అంచును తడిగుడ్డ కొసతో తుడిచేస్తే చాలు.

ప్రశ్న (పెడన): మా దగ్గర కలంకారీ అద్దకానికి వాడే కొత్త చెక్క అచ్చుల్ని ముందు నూనెలో నానబెడతారు. రబ్బరు స్టాంపుకు కూడా కాస్త నూనె పట్టిస్తే ఎక్కువ కాలం వస్తుందా?

జవాబు: ఆ పని ససేమిరా చేయకండి. చెక్క అచ్చు రోజూ రంగు నీళ్లలో తడిసి ఎండుతుంది. దాని రంధ్రాల్లో నూనె నిండితే నీళ్లు లోపలికి పోవు, చెక్క పగలదు, వంకర తిరగదు. సహజ రబ్బరు సంగతి తిరగబడి ఉంటుంది. నూనె తగిలితే అది పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, సన్నని గీతలు దొడ్డుబడి ఒకదానికొకటి ఆనుకుంటాయి. వెనక జిగురూ కరిగి జారుతుంది. కొబ్బరినూనె అయినా, కిరసనాయిలు, టర్పెంటైన్, పెట్రోలు అయినా ఇదే కథ. నెయిల్ పాలిష్ రిమూవర్ రబ్బరు కన్నా ముందు మీ యాక్రిలిక్ బ్లాకును చంపుతుంది, తగిలిన చోట తెల్లబడి పగుళ్లు తేలుతుంది. శానిటైజరు కూడా తరచూ తగిలితే బ్లాకులో వెంట్రుక సన్నని పగుళ్లు పుడతాయి.

ప్రశ్న (కరీంనగర్): తెలుగులో "శుభాకాంక్షలు", "వివాహ ఆహ్వానం" లాంటి స్టాంపులు ఎక్కడా దొరకడం లేదు. ఆఫీసు స్టాంపులు చేసే షాపులో చేయించుకోవచ్చా? వాళ్లకు ఏం చెప్పాలి?

జవాబు: చేయించుకోవచ్చు, అదే మంచి దారి కూడా. షాపులో మొదట అడగాల్సింది ఏ రకం యంత్రం అని. ప్రీ-ఇంక్ స్టాంపు మనకు పనికిరాదు. అది లోపల నింపిన ఒకే రంగును చెమరుస్తుంది, వేరే ప్యాడు పెట్టలేం. లేజరుతో చెక్కే రబ్బరు కావాలని, పిడి వద్దు, ఉత్త రబ్బరు చాలని చెప్పండి. లేజరు రబ్బరు షీట్లు మామూలుగా 2.3 మి.మీ. మందంలో వస్తాయి, కార్డుల పనికి అది సరిగ్గా సరిపోతుంది.

అక్షరాల సైజు దగ్గర మొహమాటం వద్దు. ఇంగ్లిషు అక్షరం 4 మి.మీ. ఎత్తులో కూడా చదవగలం. తెలుగు అక్షరంలో తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అన్నీ ఆ ఎత్తులోనే సర్దుకోవాలి. "శుభాకాంక్షలు" అన్న మాటే చూడండి: సున్నా నడిమి ఖాళీ, "క్ష" మెలికలో ఇరుకు, "ల" కడుపులో చోటు, ఈ మూడూ ముందుగా ఇంకుతో పూడుకుపోతాయి. "భ" కింద ఉండే చిన్న గీత విడిగా నిలబడిన పుల్లలాంటిది, రెండుసార్లు బ్రష్ తగిలితే విరిగిపోతుంది. అందుకని ఒత్తులు కాకుండా అక్షరం ఎత్తే 10 మి.మీ. ఉండేలా చూడండి. మొత్తం మాట 6-7 సెం.మీ. పొడవు వస్తుంది, కార్డు మీద అదేమీ ఎక్కువ కాదు. సన్నం, లావు తేడా ఎక్కువున్న ఫాంటు వద్దు. ఏ గీతా 0.3 మి.మీ. కన్నా సన్నగా ఉండకూడదు.

ఫైలు ఇచ్చేటప్పుడు టైపు చేసిన ఫైలు ఇవ్వకండి. షాపు కంప్యూటర్లో ఫాంటు లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి, షాపతనికి తెలుగు వచ్చినా పని ఒత్తిడిలో గమనించడు. అక్షరాలను కర్వులుగా, అంటే ఫాంటుతో పనిలేని గీతల బొమ్మగా, మార్చిన పీడీఎఫ్ గానీ, 600 డీపీఐకి తగ్గని నలుపు-తెలుపు బొమ్మ గానీ ఇవ్వండి. బూడిద రంగు ఎక్కడా ఉండకూడదు, లేజరుకు అది నలుపో తెలుపో తేలక అంచు గరుకుగా చెక్కుతుంది. బొమ్మను మీరు అద్దంలో చూపినట్టు తిప్పకండి. ఆ తిప్పడం షాపులోనే జరుగుతుంది. ఇద్దరూ తిప్పితే కార్డు మీద మాట తిరగబడి పడుతుంది.

చేతికొచ్చాక వాసన, గోధుమరంగు జిగట మసి ఉంటాయి. సబ్బు, టూత్‌బ్రష్‌తో నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి, అక్షరాల సందుల్లో ప్రత్యేకంగా. ఆ మసి మిగిలితే మొదటి పది ముద్రలూ గోధుమరంగు గీతలతోనే వస్తాయి.

కొన్ని షాపుల్లో లేజరు లేక పారదర్శకమైన పాలిమర్ స్టాంపు చేసిస్తారు. అదీ వాడుకోవచ్చు, కాకపోతే వేలితో ముట్టుకుంటే జిగటగా ఉండకూడదు. జిగటగా ఉందంటే అతినీలలోహిత కాంతి సరిపోలేదన్నమాట. మళ్లీ కాసేపు యంత్రంలో పెట్టివ్వమని అక్కడే అడగండి. ఇంటికొచ్చాక కొత్త పాలిమర్ ఇంకును చుక్కలు కడితే తెల్ల రబ్బరుతో, అదే పెన్సిల్ చెరిపే రబ్బరుతో, పైన తేలిగ్గా రుద్దితే చాలు.

ప్రశ్న (డల్లాస్): పాత చెక్క పిడి స్టాంపులు పెట్టెల కొద్దీ ఉన్నాయి. ఇండియాకు వచ్చేస్తున్నాం, బరువు తగ్గించుకోవాలి. రబ్బరు చిరగకుండా చెక్క నుంచి తీయడమెలా?

జవాబు: జిగురు వేడికి మెత్తబడుతుంది, అంతా ఆ ఒక్క సూత్రమే. హెయిర్ డ్రయ్యరును రబ్బరు వైపు నుంచి రెండు మూడు నిమిషాలు పట్టించి, ఒక మూల గోటితో లేపండి. లేచిన కొద్దీ డ్రయ్యరును ఆ సందులోకే తిప్పుతూ, నిటారుగా కాకుండా వెనక్కి మడిచి నెమ్మదిగా లాగాలి. మైక్రోవేవ్‌లో పెట్టే పద్ధతి కూడా ఉంది. ఒక్కో స్టాంపు, ఒక్కసారికి 10 సెకన్లు, చాలకపోతే ఇంకో 10. చెక్క మీద బంగారు, వెండి అక్షరాలు గానీ, మేకులు గానీ ఉంటే మాత్రం మైక్రోవేవ్ వద్దు.

రబ్బరుతో పాటు పాత ఫోమ్ కూడా ఊడి వస్తే తొందరపడి సంతోషించకండి. అది పిండిలా రాలుతుంటే మొత్తం తీసేయాల్సిందే. సగం ఫోమ్ మిగిలిన చోట కొత్త ఫోమ్ అంటిస్తే స్టాంపు ఎగుడుదిగుడుగా కూర్చుంటుంది. మిగిలిన జిగురును బొటనవేలితో ఉండలు చుట్టినట్టు రుద్దండి, ఆఖరి పొరను మాస్కింగ్ టేపుతో అద్ది లాగేయండి. నూనె ఆధారిత స్టిక్కర్ రిమూవర్లు వాడొద్దు, పెడన జవాబులో చెప్పిన ఉబ్బు వాటితోనూ వస్తుంది. గోటితో నొక్కితే గీటు పడి తిరిగి లేవని రబ్బరు, వంచితే సన్నగా చిట్లే రబ్బరు మోసుకు రావడం దండగ. చెక్క మీద ముద్రించి ఉన్న బొమ్మను ఫోటో తీసుకోండి, రబ్బరు ముక్కల్ని గుర్తుపట్టడానికి అక్కరకొస్తుంది.

ప్రశ్న (తిరుపతి): ఇంట్లో ఆఫీసు స్టాంపు ప్యాడ్ ఉంది. దాంతో కార్డులు చేయకూడదా? కొంటే ఏ ఇంకు కొనాలి?

జవాబు: రబ్బరుకేమీ కాదు, కార్డే పాడవుతుంది. ఆఫీసు ప్యాడ్ రోజంతా తెరిచి ఉన్నా ఎండకూడదని, నెమ్మదిగా ఆరే ద్రవాలు కలిపి చేస్తారు. రశీదు మీద అది బాగానే ఇంకుతుంది. మందపాటి కార్డు మీద తడిగా ఉండిపోయి చేతికి అంటుతుంది, లేదా గీత చుట్టూ నూగులా పాకుతుంది. ఊదారంగు ఇంకు మీద నీటి చుక్క పడిందంటే అంతే సంగతులు.

బొమ్మలో మీరు రంగులు దేంతో నింపుతారన్నదాన్ని బట్టి నల్ల ఇంకును ఎంచుకోండి. ఆల్కహాల్ మార్కర్లతో అయితే మెమెంటో లాంటి నీటి ఆధారిత డై ఇంకు. వాటర్ కలర్ అయితే ఆరాక నీటికి కరగని ఆర్కైవల్ గానీ, స్టేజాన్ గానీ. స్టేజాన్ సాల్వెంట్ ఇంకు, ప్లాస్టిక్ మీద కూడా పడుతుంది. దాని మీద ఆల్కహాల్ మార్కరు తిప్పితే మాత్రం నలుపు కదిలి రంగంతా మురికవుతుంది. పొడి చల్లి కరిగించే ఎంబాసింగ్ చేయాలంటే వెర్సామార్క్ లాంటి రంగులేని జిగట ఇంకు కావాలి. పొడి కరిగించడానికి హెయిర్ డ్రయ్యరు పనికిరాదు, వేడి చాలదు, గాలి పొడిని ఎగరగొడుతుంది. హీట్ గన్నే కావాలి. ముద్ర వేసే ముందు కార్డు మీద పలచటి గుడ్డ మూటలో కట్టిన టాల్కం పౌడర్ తట్టి దులిపితే, అక్కర్లేని చోట పొడి అంటుకోదు. ఆ మూటను స్టాంపులకు దూరంగా పెట్టండి, క్లింగ్ ఫోమ్‌కు టాల్కం పడదు.

ప్రశ్న (బెంగళూరు): మిస్టీ లాంటి స్టాంపింగ్ ప్లాట్‌ఫాం, అంటే స్టాంపును మూతకు అంటించి, మూత మూసి ముద్ర వేసే పరికరం, కొన్నాను. ముద్ర ఒకవైపు నుంచి నలిగినట్టు వస్తోంది, మూత సరిగా మూతపడటం లేదు.

జవాబు: అందులో అడుగున ఒక ఫోమ్ మెత్త ఉంటుంది. అది పలచటి పాలిమర్ స్టాంపుల కోసం. ఫోమ్ అంటించిన రబ్బరు స్టాంపు పెట్టేటప్పుడు ఆ మెత్త తీసేయాలి. తీశాక కూడా గట్టిగానే ఉంటే మీరు వాడింది మందం ఫోమ్, కార్డు కూడా మందం అయివుంటుంది. ఈ పరికరం కోసమే స్టాంపులు తయారు చేసుకునేవాళ్లు సగం మందం క్లింగ్ ఫోమ్ కొనుక్కోవడం మేలు.

ప్రశ్న (ఖమ్మం): మా దగ్గర ఎండాకాలం సంగతి తెలిసిందే. తయారుచేసిన స్టాంపులు ఎలా దాచాలి? వాడాక ఎలా శుభ్రం చేయాలి? ఎర్ర రబ్బరు నల్లగా మరకలు పడింది, పోవడం లేదు.

జవాబు: మరక గురించి బెంగ వద్దు. గీతల్లో ఇంకు గడ్డకట్టకుండా ఉన్నంతకాలం రంగు పట్టినా ముద్రకు ఏమీ కాదు, తర్వాతి ఇంకులోకి కలవదు. డై ఇంకుకు తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ చాలు. పిగ్మెంట్ ఇంకును ఆరకముందే ఆల్కహాల్ లేని బేబీ వైప్‌తో తుడిచి, తర్వాత తడిగుడ్డ. సాల్వెంట్ ఇంకుకు దాని కంపెనీ క్లీనరే వాడాలి, అదీ రబ్బరు మీదే. పాలిమర్ స్టాంపుకు ఆ క్లీనరు తగలనివ్వకండి. ఫోమ్ అంటించాక స్టాంపును నీళ్లలో నానబెట్టొద్దు, రబ్బరుకూ ఫోమ్‌కూ మధ్య నీరు చేరి అంచులు లేస్తాయి. కుళాయి కింద పెట్టి వెంటనే అద్దేస్తే ఫర్వాలేదు.

దాచడానికి ఉత్త లామినేషన్ పౌచ్‌లను, లోపల తెల్లకాగితం పెట్టి, మెషీన్‌లో తీయించుకోండి. వాటి మీద క్లింగ్ ఫోమ్ బాగా నిలుస్తుంది. తెల్లకాగితం మీద ముందుగా ప్రతి స్టాంపు ముద్రా వేసి లామినేట్ చేయిస్తే, ఏది ఎక్కడ పెట్టాలో చూడగానే తెలుస్తుంది, ఏది పోయిందో కూడా. పంచ్ చేసి ఫైలులో పెట్టుకోండి. రెండు షీట్ల బొమ్మలు ముఖాముఖి నొక్కుకోకుండా మధ్యలో ఒక పలచటి అట్ట వేయండి. బరువు కింద నెలల తరబడి నలిగిన ఫోమ్ మళ్లీ పూర్తిగా లేవదు, కాబట్టి ఫైలు పడుకోబెట్టకుండా నిలబెట్టాలి.

ఎండ రబ్బరుకు నేరుగా తగలకూడదు, గట్టిపడి పగుళ్లు తేలుతుంది. అటక, కారు డిక్కీ, పడమటి కిటికీ పక్క అలమార, ఈ మూడింటిలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా పెట్టకండి. జిగురు మెత్తబడి రబ్బరు ఫోమ్ మీద పక్కకు జారుతుంది, చల్లబడ్డాక అలాగే పట్టేస్తుంది. వెండి పూసలు, వెండి రేకు ఉన్న అలంకరణ సామాను స్టాంపుల డబ్బాలో కలిపి పెట్టొద్దు. రబ్బరులోని గంధకానికి వెండి నల్లబడుతుంది.